సముద్రం మీద గడియారం : జాన్ హారిసన్ జీవితం

మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో ఘనపదార్థాల వ్యాకోచం అనే అధ్యాయం చివర ఒక చిన్న బొమ్మ వుంటుంది. ఇత్తడి కడ్డీలూ ఉక్కు కడ్డీలూ పక్కపక్కన నిలబెట్టి, అడుగున ఒక గుండు వేలాడదీసిన లోలకం. పరిహార లోలకం అంటారు. పరీక్షల ముందు దాన్ని బట్టీపట్టడం, పరీక్ష అయ్యాక మరిచిపోవడం మనకు మామూలే. ఆ లోలకం చేసినవాడు ఏ కాలేజీ గడపా తొక్కని ఒక పల్లెటూరి వడ్రంగి అని ఆ బొమ్మ కింద రాసి వుండదు. అతడి పేరు జాన్ హారిసన్. నావికులకు నడిసముద్రంలో తామెక్కడున్నారో తెలిపే గడియారం చేసింది కూడా అతడే. దానికోసం నలభై ఏళ్ళకు పైగా ఖర్చుపెట్టాడు. ఆ నలభై ఏళ్ళలో సగం ఇత్తడితో పోరాటం, మిగతా సగం పెద్దమనుషులతో పోరాటం.

హారిసన్ 1693లో ఇంగ్లండులోని యార్క్‌షైరులో ఫౌల్బీ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి వడ్రంగి. అక్కడి నాస్టెల్ అనే జమీందారీలో పనిచేసేవాడు. పిల్లవాడికి ఆరేడేళ్ళ వయసులో కుటుంబం లింకన్‌షైరులో హంబర్ నది ఒడ్డున వున్న బారో గ్రామానికి తరలిపోయింది. ఆరేళ్ళప్పుడు మశూచి సోకి మంచాన పడితే, పొద్దుపోవడానికి దిండు మీద ఒక జేబు గడియారం పెట్టారనీ, గంటల తరబడి ఆ టిక్కుటిక్కు వింటూ పడుకున్నాడనీ ఒక కథ వుంది. గొప్పవాళ్ళందరి బాల్యానికీ ఇలాంటి కథ ఒకటి ఎవరో ఒకరు కడతారు. నిజమో కాదో గాని కథ బావుంది.

అంతకంటే గట్టి సంగతి ఇంకొకటి వుంది. ఆ ఊరికి వచ్చిపోయే ఒక మతగురువు, కుర్రవాడి ఆసక్తి చూసి కేంబ్రిడ్జి గణితాచార్యుడు సాండర్సన్ ఇచ్చిన ప్రకృతిశాస్త్ర ఉపన్యాసాల రాతప్రతిని చదువుకోమని ఎరువిచ్చాడు. సాండర్సన్ పుట్టిన ఏడాదికే చూపు పోయినవాడు. హారిసన్ ఆ ప్రతిని చదివి ఊరుకోలేదు. మొత్తం తన చేత్తో ఎత్తి రాసుకున్నాడు, బొమ్మలతో సహా. ఎరువు తెచ్చుకున్న నోట్సు రాత్రికి రాత్రి కాపీ చేసే మన హాస్టలు మిత్రులకు ఇది వింతగా తోచదు. కాకపోతే ఆయన దాన్ని ఆ తర్వాత కూడా చదివాడు, ఏళ్ళ తరబడి.

1713లో, ఇరవై ఏళ్ళకు, హారిసన్ తన మొదటి గడియారం చేశాడు. అది దాదాపు అంతా కొయ్యే. పళ్ళచక్రాలు ఓక్ కర్రవి. గడియారానికి కొయ్య చక్రాలేమిటని మనకు నవ్వొస్తుంది. కానీ వడ్రంగి ఇంట పుట్టినవాడికి చేతికి తెలిసిన వస్తువు కర్రే. మా ఊళ్ళో బండి చక్రానికి ఆకులు కొట్టే మేస్త్రీ తుమ్మకర్రను ఊరికే కొయ్యడు. ముందు పోగు ఏ దిక్కున నడిచిందో తిప్పి తిప్పి చూసుకుంటాడు. పోగుకు అడ్డంగా కోసిన ఆకు మొదటి గతుకులోనే చిట్లుతుంది. హారిసన్ చేసిందీ అదే. ప్రతి పంటి పొడవునా కర్ర పోగు నడిచేలా ముక్కలు ఏరి చక్రంలో పొదిగాడు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ పళ్ళు విరగలేదు. అతడు చేసిన కొయ్య గడియారాలలో మూడు నేటికీ నిలిచి వున్నాయి.

1720 తరవాత బ్రాకిల్స్‌బీ అనే చోట ఒక ప్రభువు తన గుర్రపుశాల మీద గోపుర గడియారం కట్టించమన్నాడు. హారిసన్ మొదటి గొప్ప ఉపాయం అక్కడే పుట్టింది. ఆ రోజుల్లో గడియారాల్ని పాడుచేసేది నూనె. జంతువుల కొవ్వో గింజల నూనో వేసేవాళ్ళు. చలికి అది గడ్డకట్టేది, నాలుగేళ్ళకు జిగురయ్యేది, గడియారం మొరాయించేది. బండి ఇరుసుకు ఆముదం పెట్టి, అది మట్టి పట్టి మడ్డి కట్టాక గీకి గీకి తీసిన చేతులకు ఈ బాధ బాగా తెలుసు. అందరూ మంచి నూనె కోసం వెదుకుతుంటే హారిసన్ నూనే అక్కర్లేని గడియారం చేశాడు. ఉష్ణమండలపు చెట్టు ఒకటి వుంది, లిగ్నమ్ వైటే అంటారు. దాని కర్ర నీళ్ళలో మునిగేటంత బరువు, రాయంత గట్టి. పైగా తనలో తానే జిడ్డు వూరుతుంది. ఇరుసులు తిరిగేచోట ఆ కర్ర పెట్టాడు. ఆ గడియారం ఇప్పటికీ నడుస్తూనే వుంది.

తరవాత తమ్ముడు జేమ్స్‌తో కలిసి 1725 నుంచి 1728 దాకా ఇంటి గడియారాల మీద పడ్డాడు. ఈసారి శత్రువు ఎండ. దీన్ని కొంచెం లెక్కతో చెప్పుకుందాం. సెకనుకు ఒక ఊపు ఊగే లోలకం పొడవు సుమారు 99.4 సెంటీమీటర్లు. అది ఉక్కు కడ్డీ అయితే, వేడి ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ పెరిగినా గడియారం రోజుకు దాదాపు అర సెకను వెనకబడుతుంది. ఇత్తడి అయితే ఇంకా ఎక్కువ, సెకనులో అయిదింట నాలుగు వంతులు. సంక్రాంతికీ రోహిణికార్తెకూ మధ్య మన దగ్గర ఎండ ఎంత మారుతుందో చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో తాతగారి నాటి గోడ గడియారం ఒకటి వుంది, వారానికోసారి కీ ఇచ్చేది. ఎండాకాలంలో అది నెమ్మదిస్తుందని మా నాయనమ్మ ఎప్పుడూ అంటుంది, గడియారానికి కూడా ఎండదెబ్బ తగులుతుందని ఆవిడ లెక్క. ఆవిడ వ్యాకోచ గుణకం చదువుకోలేదు గాని చెప్పింది మాత్రం తప్పు కాదు.

హారిసన్ చేసిందేమిటంటే, ఎండకు సాగే గుణాన్ని ఎండ మీదకే తిప్పికొట్టాడు. అయిదు ఉక్కు కడ్డీలు, నాలుగు ఇత్తడి కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి అమర్చాడు. ఉక్కు సాగినప్పుడు గుండు కిందికి దిగుతుంది. ఇత్తడి సాగినప్పుడు గుండు పైకి లేస్తుంది. ఇత్తడి ఉక్కు కంటే సుమారు ఒకటిన్నర రెట్లు పైచిలుకు సాగుతుంది కాబట్టి, పొడవులు సరిగా ఎంచుకుంటే దిగుడూ లేపుడూ చెల్లుకు చెల్లు. గుండు వున్నచోటే వుంటుంది. దీనికి తోడు లోలకాన్ని తోస్తూ వుండే కొక్కేన్ని కూడా కొత్తగా చేశాడు. అది చక్రపు పళ్ళ మీద రాసుకోదు, తాకి ఎగిరి పోతుంది. చూడటానికి మిడత కాళ్ళలా వుంటుంది కనక దానికి మిడత అనే పేరే స్థిరపడింది. రాపిడి లేదు కనక అక్కడా నూనె అక్కర్లేదు.

ఇంతా చేసి, గడియారం సరిగ్గా నడుస్తోందని తెలియడం ఎలా? పోల్చి చూద్దామంటే అంతకన్నా మంచి గడియారం చుట్టుపట్ల ఎక్కడా లేదు. హారిసన్ నక్షత్రాలను సాక్షికి పిలిచాడు. రాత్రిపూట తన కిటికీ అంచు వారగా చూస్తూ, పక్కింటి పొగగొట్టం చాటుకు ఒక నక్షత్రం ఏ సెకనులో పోయిందో లెక్కపెట్టేవాడు. నక్షత్రం ప్రతి రాత్రీ నిన్నటికంటే 3 నిమిషాల 56 సెకన్లు ముందుగా అదే చోటికి వస్తుంది. ఈ విషయం మన రైతులకు కొత్త కాదు. రాత్రిళ్ళు చేనికి నీరు కట్టేవాళ్ళు పిల్లలకోడి చుక్కలు ఏ నెలలో ఏ వేళకు ఎక్కడుంటాయో చూసే జాము చెబుతారు. వాళ్ళు నెల మీద గమనించిన తేడాను హారిసన్ రోజు మీద, సెకను మీద గమనించాడు. అలా రాత్రి తరవాత రాత్రి చలిలో కూర్చుని చూస్తే, ఆయన గడియారాలు నెలకు ఒక సెకను మించి తేడా పడటం లేదని తేలింది. ఆ కాలంలో మంచి గడియారం అనిపించుకున్నవి రోజుకే అంతకన్నా ఎక్కువ తప్పుతుండేవి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తరవాత వచ్చే తగాదా అర్థం కాదు. గడియారం సరైనది అంటే తప్పనిది అని మనం అనుకుంటాం. పాత గడియారాలు సేకరించేవాళ్ళను అడిగితే అలా అనరు. రోజుకు పది సెకన్లు వెనకబడే గడియారం ప్రతిరోజూ కచ్చితంగా పదే వెనకబడితే అది మేలైన గడియారమే. నెల తరవాత చూసినా మూడు వందల సెకన్లు కలుపుకుని అసలు టైము చెప్పేయొచ్చు. ఇవాళ రెండు ముందుకూ రేపు మూడు వెనక్కూ పోయేది, సగటున బాగున్నా, నమ్మదగింది కాదు. ఆ స్థిరమైన తేడానే గడియారపు రేటు అంటారు. తప్పుండటం దోషం కాదు, తప్పు మారుతుండటం దోషం.

ఇంతకీ సెకన్ల కోసం ఇంత యాతన ఎందుకంటారా? సముద్రం కోసం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, 4 నిమిషాలకు ఒక డిగ్రీ. గ్రీనిచ్‌కూ మనకూ అయిదున్నర గంటల తేడా అంటే 82½ డిగ్రీల తేడా అన్నమాట. ఆ రేఖ మన కాకినాడకు కొద్దిదూరంలోనే పోతుంది. కనక ఓడలో వున్నవాడికి నడినెత్తి మీద సూర్యుణ్ణి చూసి తనున్నచోటి మధ్యాహ్నం తెలుస్తుంది. అదే క్షణంలో తన రేవులో ఎన్ని గంటలయిందో తెలిస్తే చాలు, తూర్పు పడమరల్లో ఎంత దూరం వచ్చాడో తేలిపోతుంది. రేవు టైమును మోసుకుపోయే గడియారం వుంటే చాలు. కానీ లోలకం ఓడలో ఊగదు, ఓడే దాన్ని ఊపుతుంది. ఆ పైన చలి, ఎండ, ఉప్పుగాలి. మా డెల్టాలో నీటి ఎద్దడి ఏట దాళ్వాకు కాలువ నీళ్ళు వంతులవారీగా వదిలినప్పుడు, పంటబోదె గట్టు మీద ఇద్దరి చేతి గడియారాలు పది నిమిషాల తేడా చూపిస్తే ఎంత గొడవో మనం ఎరుగుదుం. సముద్రం మీద పది నిమిషాలంటే రెండున్నర డిగ్రీలు, భూమధ్యరేఖ దగ్గర 150 నాటికల్ మైళ్ళు. ఆ మధ్యలో ఎన్ని రాళ్ళుంటాయో!

1707 అక్టోబరులో ఇంగ్లీషు నౌకాదళం తిరిగివస్తూ తానెక్కడున్నదీ పొరబడి సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకుంది. నాలుగు ఓడలు మునిగాయి, 1400 మందికి తక్కువ కాకుండా పోయారు. నౌకాధిపతి షోవెల్ కూడా పోయాడు. 1714లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. వెస్టిండీస్ ప్రయాణంలో రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తప్పుతో చెప్పగలిగినవాడికి 20,000 పౌండ్లు బహుమతి. అర డిగ్రీ అంటే కాలంలో రెండు నిమిషాలు. ఆరు వారాల ప్రయాణం మీద పంచితే రోజుకు మూడు సెకన్లు. ఈ పని గడియారం వల్ల అవుతుందని న్యూటన్ అంతటివాడికే నమ్మకం లేదు. ఖగోళ శాస్త్రజ్ఞుల ఆశంతా చంద్రుడి మీద. నక్షత్రాల మధ్య చంద్రుడి స్థానం కొలిచి టైము లెక్కకట్టవచ్చునని వాళ్ళ వాదం. తీర్పు చెప్పడానికి ఏర్పడిన రేఖాంశ మండలిలో వాళ్ళ మాటకే బరువెక్కువ.

1730 ప్రాంతంలో హారిసన్ తన కాగితాలు పట్టుకుని లండన్ వెళ్ళాడు. గ్రీనిచ్ నక్షత్రశాలలో వున్న హాలీ, తోకచుక్క పేరుతో మనకందరికీ తెలిసిన హాలీయే, ఆదరంగా విని, గడియారాల సంగతి గడియారాలవాడే తేల్చాలని జార్జి గ్రాహం దగ్గరకు పంపాడు. గ్రాహం ఆనాటి లండన్ గడియారగాళ్ళలో మేటి. తన ఉపాయం కాజేస్తాడేమోనని హారిసన్ బిగుసుకునే వెళ్ళాడు. తీరా కూర్చున్నాక పొద్దున మొదలైన మాటలు రాత్రి భోజనాల వేళ దాకా సాగాయి. వచ్చేటప్పుడు గ్రాహం వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా డబ్బు అప్పిచ్చి పంపాడు. వృత్తిలో వున్నవాడు వృత్తిలో వున్నవాణ్ణి గుర్తుపట్టాడు.

అయిదేళ్ళకు మొదటి సముద్ర గడియారం తయారైంది. దాన్ని ఇప్పుడు హెచ్ ఒకటి అంటున్నారు. 34 కిలోల బరువు. లోలకం బదులు రెండు పెద్ద తూకపు కడ్డీలు, ఒకదానితో ఒకటి తీగెలతో కట్టినవి. ఓడ ఒరిగినప్పుడు ఒకదానికి కలిగే తేడాను రెండోది తుడిచేస్తుంది. 1736లో దాన్ని ఓడెక్కించి లిస్బన్ దాకా పంపారు. హారిసన్‌కు సముద్రం పడలేదు, దారంతా కక్కుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఇంగ్లండు తీరం కనపడినప్పుడు ఓడవాళ్ళు దాన్ని స్టార్ట్ అనే కొమ్ముగా భావించారు. హారిసన్ తన గడియారం చూసి, కాదు, అది లిజర్డ్ అన్నాడు. లిజర్డే అయింది. ఓడవాళ్ళ లెక్క అరవై మైళ్ళు తప్పింది.

1737లో మండలి సమావేశమైంది. ఇన్నేళ్ళుగా దాని ముందుకు తీసుకురాదగ్గ పనే రాలేదు, అదే మొదటి సమావేశం. అందరూ మెచ్చుకుంటుంటే గడియారంలో లోపాలు ఎత్తిచూపింది ఒక్క హారిసనే. వెస్టిండీస్ పరీక్ష అడగలేదు. ఇంకొకటి చేస్తానని కొంత సొమ్ము మాత్రం అడిగాడు. నా మటుకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఆలోచింపజేసే ఘట్టం ఇదే. ఆ రోజు పట్టుబట్టి పరీక్ష అడిగి వుంటే, ఏమో, బహుమతి వచ్చేదేమో. కొంత గర్వం, కొంత నిజాయితీ, రెండూ కలిసిన పట్టుదల అది.

రెండో గడియారం రెండేళ్ళలో చేసి, అందులో తప్పు కనిపెట్టి, పరీక్షకే పంపలేదు. మూడోది 1740లో మొదలెట్టి పంతొమ్మిదేళ్ళు తిప్పలు పడ్డాడు. 753 భాగాలు. ఎంత సరిచేసినా మాట వినలేదు. అయితే వృథా పోలేదు. వేడికి వంగే జోడులోహపు రేకు, చట్రంలో అమర్చిన రోలర్ బేరింగు దానిలోంచే పుట్టాయి. ఇవాళ ఇస్త్రీపెట్టెలో వేడి ఆపే రేకూ, ట్రాక్టరు చక్రంలో తిరిగే బేరింగూ ఆ ఓడిపోయిన గడియారానికి వారసులే. 1749లో రాయల్ సొసైటీ కోప్లీ పతకమిచ్చి గౌరవించింది.

1753లో హారిసన్ సొంతానికి ఒక జేబు గడియారం కావాలనుకుని, తన నమూనా ఇచ్చి జెఫరీస్ అనే పనివాడిచేత చేయించుకున్నాడు. ఆ కాలపు జేబు గడియారాలు రోజుకు నిమిషాల తరబడి తప్పేవి. ఇది అలా తప్పలేదు, ఆయనే ఆశ్చర్యపోయాడు. పెద్ద కడ్డీలు నెమ్మదిగా ఊగితే ఓడ కుదుపు వాటిని చెదరగొడుతుంది. చిన్న చక్రం గట్టిగా, వేగంగా ఊగితే కుదుపు దాన్నేమీ చెయ్యలేదు. పాతికేళ్ళ పెద్ద యంత్రాల దారి కాదని తెలిసేటప్పటికి ఆయనకు అరవై దాటాయి. దాటితేనేం, కొత్త దారి పట్టాడు. 1759కి నాలుగో గడియారం పూర్తయింది. అడ్డకొలత 13 సెంటీమీటర్లు, బరువు కిలోన్నర లోపు. సెకనుకు అయిదు టిక్కులు. లోపల వజ్రాలు, కెంపులు. ఇన్నాళ్ళూ నూనె వద్దన్న మనిషి దీనిలో నూనె వాడక తప్పలేదు.

1761 నవంబరులో అది జమైకాకు బయలుదేరింది. హారిసన్‌కు 68 ఏళ్ళు, అందుచేత కొడుకు విలియం వెంట వెళ్ళాడు. దారిలో మదీరా దీవి ఎప్పుడు కనపడేదీ విలియం చెప్పినట్టే అయింది. ఓడవాళ్ళ లెక్క ప్రకారం పోయి వుంటే దీవిని తప్పిపోయేవాళ్ళు. జమైకా చేరాక రేటు కలుపుకుని చూస్తే, 81 రోజుల్లో తేడా 5.1 సెకన్లు. దూరంలో మైలు పైచిలుకు! బహుమతి చేతికందినట్టే అని తండ్రీకొడుకులు అనుకున్నారు. మండలి ఒప్పుకోలేదు. రేటు ఎంతో ముందుగా తమకు రాసివ్వలేదంది. జమైకా రేఖాంశమే సరిగా తెలియదంది. ఒకసారి కాకతాళీయంగా కుదిరివుండవచ్చంది.

మళ్ళీ 1764లో బార్బడోస్‌కు పంపారు. అక్కడ ఖగోళ కొలతలు తీయడానికి ముందే వెళ్ళినవాళ్ళలో నెవిల్ మాస్కెలిన్ ఒకడు. చంద్రుడి పద్ధతికి గట్టి పక్షపాతి. ఈసారి 47 రోజుల్లో తేడా 39.2 సెకన్లు, పది మైళ్ళ లోపు. చట్టం అడిగింది ముప్పై మైళ్ళు. అయినా సొమ్ము రాలేదు. 1765లో కొత్త చట్టం వచ్చింది. గడియారం లోగుట్టు విప్పి చూపిస్తే సగం ఇస్తాం, ఇంకొకళ్ళు కూడా అలాంటిది చేయగలరని రుజువైతే మిగతా సగం ఇస్తాం అని. అదే ఏడు మాస్కెలిన్ రాజ ఖగోళశాస్త్రజ్ఞుడయ్యాడు, ఆ హోదాతో మండలిలోనూ కూర్చున్నాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు మాస్కెలిన్‌ను నాటకంలో దుర్యోధనుణ్ణి చేస్తారు. నాకు అది పూర్తి న్యాయం అనిపించదు. ఆయన వెలువరించిన నాటికల్ అల్మనాక్ పట్టికల వల్ల గంటల తరబడి చేసే చంద్రుడి లెక్క అరగంటకు దిగింది. గడియారం కొనలేని వేలాది నావికులకు అదే దిక్కయింది. పైగా ఇంకొకరు చేయగలరా అన్న మండలి ప్రశ్నలో తప్పు లేదు. మన ప్రయోగశాలలో ఒక్క రీడింగు బాగా వచ్చిందని రికార్డులో రాస్తే సారు సంతకం పెడతారా? మళ్ళీ తీయమంటారు, పక్కబల్ల వాడికీ అదే రావాలంటారు. తప్పు ఎక్కడుందంటే, ఆ షరతు ఆట అయిపోయాక పెట్టారు. పైగా పోటీలో వున్నవాడినే తీర్పరిగా కూర్చోబెట్టారు.

1765 ఆగస్టులో లండన్ ఇంట్లో, తన చేతులతో ఆ గడియారాన్ని మర మర విప్పి మండలివాళ్ళకు చూపించాడు హారిసన్. సగం సొమ్ము వచ్చింది, అందులో అంతకుముందు తీసుకున్నది మినహాయించుకున్నారు. మరుసటి ఏడు మాస్కెలిన్ వచ్చి మూడు పెద్ద గడియారాలనూ గ్రీనిచ్‌కు తరలించాడు. ఎత్తేటప్పుడు మొదటిదాన్ని పనివాళ్ళు కింద పడేశారు. మిగతావి స్ప్రింగుల్లేని బండిలో కుదుపుల మధ్య పోయాయి. అయిదేళ్ళ కష్టం, రెండేళ్ళ కష్టం, పంతొమ్మిదేళ్ళ కష్టం గుమ్మం దాటుతుంటే ఆ ముసలాయన ఎలా నిలబడ్డాడో! నాలుగో గడియారాన్ని గ్రీనిచ్‌లో పది నెలలు పరీక్షించి, దీన్ని నమ్మి ఓడ నడపరాదని మాస్కెలిన్ నివేదిక ఇచ్చాడు. అదప్పుడు చాలా ముందుకు పోతోంది, నిజమే. కానీ విప్పి బిగించాక దాన్ని సరిచేయనే లేదనీ, రేటు మినహాయించి చూడాలనీ హారిసన్ మొత్తుకున్నాడు. పైన చెప్పుకున్న రేటు గొడవ ఇదే.

మండలి కోరిక మీద కెండల్ అనే నేర్పరి 1769లో నాలుగోదానికి అచ్చు నకలు చేశాడు. దాని ఖరీదే 450 పౌండ్లు. హారిసన్, విలియం కలిసి అయిదోది చేశారు. 1772లో విషయం మూడో జార్జి రాజు చెవిన పడింది. తన సొంత నక్షత్రశాలలో తానే పరీక్ష పెట్టించాడు. మొదట గడియారం పిచ్చిపిచ్చిగా నడిచిందట. చూస్తే పక్క బీరువాలో సూదంటురాళ్ళున్నాయి. వాటిని తీసేశాక పది వారాల పాటు రోజుకు సెకనులో మూడో వంతుకు మించి తప్పలేదు. చివరకు 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు మంజూరు చేసింది. సొమ్ము ముట్టింది గాని బహుమతి ఆయనకు గాని మరెవరికి గాని ప్రకటించలేదు. అప్పటికి హారిసన్‌కు ఎనభై ఏళ్ళు. కెండల్ నకలును కుక్ తన రెండో ప్రపంచ యాత్రలో వెంటబెట్టుకుపోయాడు. దక్షిణ ధ్రువపు మంచులోనూ, ఉష్ణమండలపు ఎండలోనూ తిప్పి 1775లో తిరిగొచ్చి దాన్ని ఎంతగానో మెచ్చుకున్నాడు. ఆ వార్త విని, 1776 మార్చి 24న, తన పుట్టినరోజునాడే హారిసన్ కన్నుమూశాడు. హాంప్‌స్టెడ్‌లో ఆయన సమాధి వుంది.

మూడు పెద్ద గడియారాలూ గ్రీనిచ్‌లో చిలుం పట్టి పడి వుండగా, 1920లో రూపర్ట్ గౌల్డ్ అనే నౌకాదళ అధికారి చూశాడు. గడియారాల పని ఎవరి దగ్గరా నేర్చుకోని మనిషి. జీతం అడగకుండా వాటిని తుడిచి, విప్పి, ఒక్కొక్క మరా అర్థం చేసుకుంటూ బాగుచెయ్యడానికి పూనుకున్నాడు. 1933లో మొదటిది మళ్ళీ నడిచింది. నేడు గ్రీనిచ్‌లో ఆ మూడూ జనం చూస్తుండగా నడుస్తున్నాయి. నాలుగోదాన్ని మాత్రం ఆపి వుంచారు. నడిస్తే నూనె కావాలి, నూనెతో నడిస్తే అరుగుతుంది.

ఇంకొక లెక్క మిగిలింది. చనిపోయే ముందు ఏడు, 1775లో, హారిసన్ ఒక పుస్తకం వేశాడు. భాష గజిబిజి, మాస్కెలిన్ మీద కోపం పొంగిపొర్లుతూ వుంటుంది. అందులో, తన పద్ధతిలో చేసిన లోలకం గడియారం నూరు రోజుల్లో ఒక్క సెకను లోపలే వుంటుందని రాశాడు. చదివినవాళ్ళు ముసలితనపు చాదస్తం అని నవ్వారు. ఇరవయ్యో శతాబ్దంలో మార్టిన్ బర్జెస్ అనే గడియారశిల్పి ఆ గజిబిజి రాతల్లోంచి అర్థం లాగి, మిడత కొక్కెంతో సహా ఆయన సూత్రాల మీద ఒక గడియారం మొదలుపెట్టాడు. లోహాలు మాత్రం కొత్తవి. తరవాత వేరే చేతులు దాన్ని పూర్తిచేశాయి. 2015లో దాన్ని గ్రీనిచ్‌లోనే, మాస్కెలిన్ ఏలిన ఆ నక్షత్రశాలలోనే, పెట్టెలో పెట్టి సీలు వేసి నూరు రోజులు వదిలేశారు. నూరో రోజున చూస్తే తేడా సెకనులో ఎనిమిదింట అయిదు వంతులు.